నీడనిచ్చే చెట్టు.. గోడను చీల్చే వేరు

నల్లరేగడి ఊళ్లలో ఇళ్ల పునాదులకు వేసవి గండం

ఉగాది వెళ్లి మిరప కల్లాలు ఎత్తే వేళకు గుంటూరు, ప్రకాశం మైదానాల్లో నల్లరేగడి నేల నోరు తెరుస్తుంది. మొదట వెంట్రుకంత చీలిక. తర్వాత వేలు దూరేంత. రోహిణీ కార్తె నాటికి దూడ కాలు ఇరుక్కునేంత నెర్రె. చేలో నెర్రెలు పడితే రైతు దిగులుపడడు. తొలకరికి నేల తడిసి అవే పూడుకుపోతాయి. పైమట్టి లోపలికి జారి, చేను తనను తాను దున్నుకున్నట్టవుతుంది. అదే నెర్రె ఇంటి గోడ మీదికి పాకితే మాత్రం గుండె గుభేలుమంటుంది.

ప్రత్తిపాడు, పెదనందిపాడు, చిలకలూరిపేట మొదలుకొని పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, అద్దంకి వరకు రేగడి నేలల్లో ఇదే వరస. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల అని కొత్త పేర్లు వచ్చినా నేల మాత్రం మారలేదు. రెండు మూడు మిరప పంటల డబ్బు పోసి కట్టుకున్న డాబా ఇంటికి కిటికీ మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా బీట కనబడుతుంది. తలుపు గడప దగ్గర పట్టేస్తుంది. గడియ పడదు. ఇంటివారు ముందు మేస్త్రీని అనుమానిస్తారు, సిమెంటు పాళ్లు తగ్గించాడని. తర్వాత వాస్తు చెప్పే ఆయన వస్తాడు. ఏదో ఒక మూల బరువు చాలలేదంటాడు, ఒక ద్వారం మూయిస్తాడు. బీటలో సిమెంటు కూరి సున్నం కొడతారు. మళ్లీ వేసవికి అదే చోట అదే బీట. అప్పటికీ పెరట్లోకి వెళ్లి, గోడకు 10 అడుగుల్లో ఉన్న వేపచెట్టు వంక చూసేవారు తక్కువ. చూసినా పచ్చని చెట్టు మీద నింద వేయడానికి మనసొప్పదు.

నిజానికి చెట్టు తప్పు సగమే. మిగతా సగం నేలది.

తడిస్తే ఉబ్బు, ఎండితే దిగుడు

రేగడ అన్న మన తెలుగు మాటే ‘రేగర్’గా మారి ఇంగ్లీషు భూగోళ పుస్తకాల్లోకి ఎక్కింది. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లనైట్ జాతి బంకఖనిజం ఎక్కువ. దాని రేణువు పుస్తకంలో కాగితాల మాదిరిగా పొరలు పొరలుగా ఉంటుంది. వాన పడితే నీరు ఆ పొరల మధ్య దూరి వాటిని ఎడం చేస్తుంది, నేల ఉబ్బుతుంది. ఎండకు నీరు పోతే పొరలు దగ్గరపడి నేల కుంగుతుంది. పత్తికి, శనగకు ఈ నేల బంగారం కావడానికి కారణం ఇదే. వానలు వెనకపట్టినా లోపలి చెమ్మను పట్టి ఉంచుతుంది. పంటకు వరమైన గుణమే ఇంటికి శాపమైంది.

ఈ ఉబ్బు, కుంగు పైన ఎక్కువగా ఉండి, లోతుకు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. సుమారు 10, 11 అడుగుల దిగువన చెమ్మ ఏడాది పొడవునా పెద్దగా మారదు కనుక అక్కడ నేల కదలిక దాదాపు ఉండదు. మన ఊళ్లలో మామూలు ఇళ్లకు తవ్వే పునాది 3 అడుగుల నుంచి 5 అడుగుల లోపే. అంటే ఇల్లు కదిలే నేల మీదే కూర్చుంటుంది.

ఇల్లంతా ఒకే మాదిరిగా లేచి ఒకే మాదిరిగా దిగితే గోడకు ఏమీ కాదు. ఒక మూల దిగి ఇంకో మూల నిలబడితేనే గోడ చీలుతుంది. ఇల్లు కట్టగానే నడిమి భాగంలో ఎండ తగలదు, గాలి తగలదు. అక్కడి చెమ్మ అలాగే నిలుస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ కొంత పెరుగుతుంది కూడా. అంచుల వెంట మాత్రం ఎండాకాలంలో నేల ఆరిపోతుంది. అందుకే చెట్టు లేని ఇంటికి కూడా మూలల్లో సన్న బీటలు వస్తాయి. చెట్టు ఉంటే ఆ కుంగుడు ఒక పక్కన మరీ ఎక్కువవుతుంది.

వేరు తోసేది తక్కువ, తాగేది ఎక్కువ

వేరు లావై పునాదిని తోసేస్తుందనీ, రాళ్లను చీల్చుకు వెళుతుందనీ చాలామంది అనుకుంటారు. ప్రహరీ గోడ, మెట్లు, తులసికోట, పెరట్లో పరిచిన నాపరాళ్లు వంటి తేలిక కట్టడాల విషయంలో అది నిజమే. వేరు లావెక్కి వాటిని ఎత్తుతుంది. బరువైన ఇంటి పునాదిని వేరు ఎత్తడం మాత్రం అరుదు. అది చేసే నష్టం వేరే దారిలో వస్తుంది. పునాది కింది మట్టిలోని నీటిని తాగేస్తుంది.

పత్తి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పత్తి పీకిన చేలో గడ్డపార దించి చూడండి, పక్కనే పంట వేయని బీడులో దించి చూడండి. లోతుకు వెళితే ఏది ఎక్కువ ఎండిందో చేతికే తెలుస్తుంది. ఆరు నెలల మొక్కే అంత తాగితే 30 ఏళ్ల చెట్టు సంగతి చెప్పాలా! పెద్ద చెట్టు మండు వేసవిలో రోజుకు వంద లీటర్లకు పైగా నీటిని ఆకుల గుండా గాలిలోకి వదలగలదు. రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికీ పేరు మోసింది. అటువంటి ఎండల్లో బయటి నేల ఏప్రిల్‌కే నెర్రెలిస్తుంది. ఇంటి కింద మాత్రం చెమ్మ నిలిచి ఉంటుంది. దాహం మీదున్న చెట్టుకు అది చలివేంద్రం. పీచువేళ్లు అటే సాగుతాయి. వాటి పొడవు కొమ్మల నీడ వరకే అనుకోవడం పొరపాటు, అంతకు బాగా దాటి వెళతాయి.

ఊరి చుట్టూ పెరిగే సర్కారు తుమ్మ వేరుకు ఉన్న పట్టు తెలిసిందే. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలోని ఒక గనిలో ఈ కోవకు చెందిన చెట్టు వేరు 50 మీటర్లకు మించిన లోతున కనబడినట్టు 1963లో రాశారు. అది గిన్నిసు కథ లాంటిది. మన పెరట్లో అంత లోతు అక్కర్లేదు, మొదటి 10 అడుగులే మన ఇంటికి ప్రాణం.

ఇది మన ఒక్క ప్రాంతపు గోడు కూడా కాదు. లండన్ నగరం కిందా ఇటువంటి బంకమట్టే ఉంది. అక్కడ 1976లో పెద్ద కరవు వచ్చినప్పుడు వేలాది ఇళ్లు బీటలు వారాయి. వాటిలో చాలావాటికి పక్కనున్న చెట్లే కారణమని తేలింది. అంతకు అయిదేళ్ల ముందే, 1971 నుంచి, నేల కుంగి ఇల్లు పగిలితే పరిహారం ఇచ్చే బీమా అక్కడ మొదలైంది. కరవు తర్వాత బీమా కంపెనీల నెత్తిన పిడుగు పడినట్టయింది. క్యూ తోటలో పనిచేసే వృక్షశాస్త్రజ్ఞులు ఏ చెట్టు ఎంత దూరం నుంచి ఇంటికి నష్టం చేసిందో 1971 నుంచి 1979 వరకు లెక్కలు కట్టి 1981లో పుస్తకం వేశారు. మన వేపకు, చింతకు, కానుగకు అటువంటి లెక్క ఉంటే ఎంత బాగుండును!

బీటను చదవడం ఎలా?

ప్రతి బీటకూ చెట్టే కారణం కాదు. గోడ పూత ఆరిపోయేటప్పుడు సాలెగూడు మాదిరిగా వచ్చే సన్న గీతలకు భయపడనక్కర్లేదు. చెట్టు వైపు మూల దిగితే బీట కిటికీ, గుమ్మం మూలల నుంచి మొదలై ఇటుకల వరసల వెంట మెట్లు మెట్లుగా ఏటవాలుగా పైకి పోతుంది. పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటుంది. మే నెలలో విచ్చుకుంటుంది, కార్తీకం నాటికి దగ్గరపడుతుంది. ఈ ఊపిరి తీసుకోవడమే నేల కదులుతున్నదనడానికి గుర్తు.

ఇందుకు సరిగ్గా తిరగబడిన బీట కూడా ఒకటి ఉంది. కింద వెడల్పు, పైన సన్నం. ఆ మూల దిగలేదు, లేచింది. స్నానాల నీళ్లు గోడ పక్కనే నిలిచే చోట, అరటి బోదెలూ కొబ్బరిచెట్టూ పెట్టి వాడుక నీరంతా వదిలే చోట, మంచినీళ్ల గొట్టం కారే చోట ఇది కనబడుతుంది. అక్కడ చెట్టు కొట్టేసి లాభం లేదు. నీటిని మళ్లించాలి. ఒకే ఇంటికి తూర్పు మూల ఎండి దిగడం, పడమటి మూల తడిసి లేవడం కూడా జరుగుతుంది. పాపం, ఆ గోడ రెండు పక్కలా లాగబడుతుంది.

బీట పెరుగుతున్నదా, ఆగిందా తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. బీటకు అటూ ఇటూ పెన్సిలుతో రెండు గుర్తులు పెట్టి, అమావాస్య అమావాస్యకూ స్కేలుతో కొలిచి పక్కన తేదీ రాయాలి. లేదా బీటకు అడ్డంగా చిన్న గాజు ముక్కను రెండు కొసలా సిమెంటుతో అతికించాలి. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టే. బీట 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే చూపుకు బాధే గాని ఇంటికి ముప్పు తక్కువ. 15 మిల్లీమీటర్లు దాటినా, గోడ బయటికి ఉబ్బినా, శ్లాబు ఆనిన చోట గోడ విడిపోయినా ఆలస్యం చేయకుండా ఇంజినీరుకు చూపించాలి. ఈలోగా ఆ గోడ పక్కన పిల్లలను పడుకోబెట్టకూడదు.

మే నెలలో నోరు తెరిచిన బీటలో గట్టి సిమెంటు కూరడం అందరూ చేసే పనే, చేయకూడని పని కూడా అదే. వానలకు నేల ఉబ్బి గోడ తన చోటికి రావాలని చూస్తుంది. మధ్యలో సిమెంటు అడ్డుపడితే ఇంకో చోట పగులుతుంది. ముందు కారణం సరిచేసి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గమనించి అప్పుడు పూడ్చాలి. పూడ్చేది కూడా గట్టి సిమెంటుకంటే సున్నం కలిపిన మెత్తని పాళ్లతో అయితే మంచిది. పాత రోజుల్లో గానుగ సున్నంతో కట్టిన గోడలు చిన్న కదలికలను ఓర్చుకునేవి. మట్టిగోడల పూరిళ్లు ఎంత కదిలినా ఆడవాళ్లు ఏడాదికోసారి అలికి పూడ్చేవారు. సిమెంటు గోడకు ఆ ఓర్పు లేదు.

నేల మీది నెర్రెల విషయంలోనూ ఒక మాట. గోడ వెంట నెర్ర పడగానే కొందరు అందులో ఇసుకో, ఇటుక ముక్కలో పోస్తారు. వానకు నేల ఉబ్బినప్పుడు దానికి చోటు చాలక పునాదిని పక్కకు నెడుతుంది. నెర్రలో బకెట్ల కొద్దీ నీళ్లు పోయడం అంతకంటే చేటు.

ఏ చెట్టు ఎంత దూరం?

ఇంగ్లండులో ఇళ్లు కట్టేవారు పాటించే లెక్క ఒకటి ఉంది. బాగా నీరు తాగే చెట్టయితే అది పూర్తిగా పెరిగే ఎత్తుకు ఒకటింపావు రెట్ల దూరం వరకు, మధ్యస్థమైనదయితే ముప్పాతిక దూరం వరకు, కొద్దిగా తాగేదయితే సగం దూరం వరకు దాని ప్రభావం ఉంటుందని పునాది లోతు నిర్ణయిస్తారు. మన దగ్గర ఎండ ఎక్కువ, పునాదులు పైపైన. కాబట్టి చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరం వదలడం మేలు. వేప 50 అడుగుల దాకా పెరుగుతుంది, చింత, నిద్రగన్నేరు అంతకు మించుతాయి. జామాయిల్ మరీ ఎత్తు. మర్రి, రావి ఇంటి దరిదాపుల్లో ఉండకూడదు, అవి చెరువు గట్టుకూ గుడి ఆవరణకూ అందం. అక్కడ కూడా గోపురం పగుళ్లలో పిట్టలు వేసిన రావి విత్తు మొలిస్తే మొలకగా ఉన్నప్పుడే వేరుతో పీకాలి. కొమ్మలు కోసి ఊరుకుంటే వేరు లోపల లావెక్కుతూనే ఉంటుంది.

ప్రకాశం వైపు కాగితం మిల్లుల కోసం సుబాబుల్, జామాయిల్ తోటలు విరివిగా వేశారు. ఊళ్లు పెరిగి ఇళ్ల స్థలాలు ఆ తోటల గట్ల దాకా వెళ్లాయి. పొరుగువాడి తోట సరిహద్దుకు రెండు గజాల్లో గోడ లేపితే చెట్టును తిట్టి ప్రయోజనం లేదు. తోట ముందు వచ్చింది, ఇల్లు తర్వాత వచ్చింది. ఇద్దరూ పెద్దమనుషుల ముందు కూర్చుని సరిహద్దు వరస ఒకటి రెండు తగ్గించుకోవడం కోర్టుకు వెళ్లడం కంటే చవక.

చిన్న స్థలాల వారి ఇబ్బంది వేరు. 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో గ్రామాల్లో కుటుంబానికి సెంటున్నర చొప్పున ఇచ్చారు. అంటే సుమారు 72 గజాలు. అందులో ఎటు నిలబడి మొక్క నాటినా ఎవరో ఒకరి గోడకు 10 అడుగుల్లోనే ఉంటుంది. అటువంటి కాలనీల్లో వేప, కానుగ వంటివి ఇంటింటికీ పంచిపెట్టడం పదేళ్ల తర్వాత తగవులు పంచిపెట్టడమే. పెద్ద చెట్లను కాలనీ చివర, రోడ్ల కూడలిలో, ఉమ్మడి స్థలంలో వరసగా పెంచుకుని, ఇంటి దగ్గర కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, మందార వంటి వాటితో సరిపెట్టుకుంటే నీడకు నీడ, కూరకు కూర. చెట్టు లేకుండా ఈ ఎండల్లో బతకలేం. చెట్టును ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న.

గొడ్డలి ఎత్తే ముందు

బీట చెట్టు వల్లనే అని తెలిశాక ఇంటాయన మొదట వెతికేది గొడ్డలిని. ఇక్కడే చాలా ఇళ్లు రెండోసారి దెబ్బతింటాయి. ఏళ్ల తరబడి చెట్టు తాగి ఎండగొట్టిన మట్టి, చెట్టు పోగానే మళ్లీ నీరు పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడుతుంది. దిగిన మూల ఇప్పుడు లేస్తుంది. ఈ ఉబ్బు ఒక్క వానాకాలంతో ఆగదు, కొన్నేళ్లు సాగుతుంది. లేచే బీట దిగే బీటకంటే మొండిది.

కాబట్టి ముందుగా వయసు చూడాలి. ఇల్లు ముందు, చెట్టు తర్వాత వచ్చి ఉంటే చెట్టు తీసేసినా నేల తన పాత మట్టానికి వస్తుంది, చాలావరకు బీట దగ్గరపడుతుంది. చెట్టు ముందు, ఇల్లు తర్వాత అయితే అప్పటికే ఎండి కుంగిన నేల మీద ఇల్లు కట్టారన్నమాట. ఆ చెట్టును ఒక్కసారిగా నరికితే ఇల్లు ఎన్నడూ లేనంత ఎత్తుకు లేస్తుంది. తాతల నాటి వేప కింద మనవడు డాబా వేసుకున్న ఇళ్లన్నీ ఈ రెండో తరగతే. అటువంటి చోట చెట్టును ఉంచి, కొమ్మలు తగ్గించడమే మార్గం.

ఆకు తగ్గితే తాగుడు తగ్గుతుంది. సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందే, గుబురులో మూడో వంతుకు మించకుండా కొమ్మలు తీయాలి. ఒక ఏడు తీసి ఊరుకుంటే రెట్టింపు చిగురు వేస్తుంది, ఏటా చేయాలి. చెట్టుకు ఇంటికి దూరంగా ఉన్న వైపు పాదు చేసి మాఘమాసం నుంచే నీళ్లు పెడితే కొంత ఊరట ఉంటుంది. అంతమాత్రాన వేళ్లు పునాదిని వదిలి వెళ్లిపోతాయని ఆశించకూడదు.

తీసేయక తప్పని చెట్టయితే రెండు మూడేళ్లలో అంచెలంచెలుగా తగ్గించి ఆఖరున మొదలు కొట్టాలి. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం చెట్లు కొట్టడానికి అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. ఏది ఎందులోకి వస్తుందో అటవీ శాఖ వారిని అడిగి తెలుసుకోవడం మంచిది. సర్కారు తుమ్మను, సుబాబుల్‌ను మొద్దు వదిలితే మళ్లీ చిగురిస్తాయని వేరే చెప్పనక్కర్లేదు.

మధ్యలో అడ్డుగోడ

చెట్టూ ఉండాలి, ఇల్లూ ఉండాలి అనుకునేవారికి ఉన్న ఇంకో ఉపాయం వేరుకు అడ్డుగోడ. చెట్టుకూ ఇంటికీ మధ్య సన్నని కందకం తీసి, అందులో నాలుగంగుళాల కాంక్రీటు గోడ గాని, మందమైన ప్లాస్టిక్ షీటు గాని నిలబెడతారు. నాపరాళ్లకు పల్నాడు పెట్టింది పేరు కనుక పలకలను నిలువునా దింపి సందుల్లో సిమెంటు పెట్టినా పనిచేస్తుంది. సందు ఉంటే వేరు దాన్నే వెతుక్కుంటుంది. కందకం లోతు పునాది కంటే ఎక్కువ ఉండాలి, 6 అడుగులకు తగ్గితే వేళ్లు కింది నుంచి దూరి వస్తాయి. పై అంచు నేల మట్టానికి రెండంగుళాలు పైకి ఉండాలి, లేకపోతే మీద నుంచి దాటుతాయి. పొడవు చెట్టు గుబురుకంటే రెండు పక్కలా ఎక్కువ ఉండాలి. లేకుంటే చుట్టు తిరిగి వస్తాయి.

ఈ పనిలో ప్రాణాపాయం ఉంది. రేగడిలో ఆరడుగుల గుంట తీస్తే పక్కలు ఎప్పుడు విరిగి పడతాయో తెలియదు. చెక్కలు, అడ్డుబద్దలు బిగించకుండా మనిషిని దించకూడదు. గోడను ఆనుకుని తవ్వితే పునాదే జారుతుంది. పునాది ఎంత లోతుందో కనీసం అంత దూరం వదిలి, ఒక్కసారిగా కాకుండా ఏడెనిమిది అడుగుల ముక్కలుగా తవ్వుతూ పూడ్చుతూ పోవాలి. చెట్టు మొదలుకు దగ్గరగా లావు వేళ్లు నరికితే చెట్టు నిలబడే బలం పోతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈ తీరానికి గాలివాన కొత్త కాదు. వేరు తెగిన చెట్టు ఇంటి మీదికే ఒరిగితే బీట సంగతి మరచిపోవాల్సిందే. కందకం పనికి పుష్యమాసం అనువు. నేల మరీ బురదా కాదు, మరీ రాయీ కాదు. వేసవిలో అడ్డుగోడ కడితే ఇంటి వైపు మట్టి తొలి వానకే నీరు పీల్చి ఒక్కసారిగా ఉబ్బే ప్రమాదం ఉంది.

అడ్డుగోడ ఖర్చు భరించలేనివారు ముందు చప్టా సంగతి చూడాలి. ఇంటి చుట్టూ నాలుగయిదు అడుగుల వెడల్పున, వాలు బయటికి ఉండేలా చప్టా పోయిస్తే గోడ అంచున ఎండ తగలదు, వాన నిలవదు. చప్టా కింద ప్లాస్టిక్ పట్టా పరవాలి. చప్టాను గోడకు కలిపేయకుండా మధ్య సందులో తారు పోయాలి, ఎందుకంటే చప్టా కదలిక వేరు, గోడ కదలిక వేరు. డాబా నీళ్లు గొట్టం ద్వారా దూరంగా పోవాలి. ఇంకుడు గుంత తవ్వమని ప్రభుత్వం చెప్పింది కదా అని గోడ పక్కనే తవ్వినవారు ఉన్నారు. రేగడిలో నీరు తొందరగా ఇంకదు, అక్కడే నిలిచి పునాదిని ఉబ్బిస్తుంది. గుంతను 15, 20 అడుగులు దూరం జరపాలి. స్నానాల దొడ్డి కాలువ పగిలి ఉంటే వేళ్లు ఆ తడి వెంట పడి లోపలికి చొరబడతాయి. పగలని గొట్టాన్ని వేరు సాధారణంగా పగలగొట్టదు.

కొత్తగా కట్టేవారికి

పునాది దగ్గర మిగిల్చిన డబ్బు గోడ దగ్గర ఖర్చవుతుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థలో దినేశ్ మోహన్, ఆయన తోటివారు నల్లరేగడి కోసమే ఒక పునాదిని రూపొందించారు. నేలలో సుమారు 11, 12 అడుగుల లోతున చేతి బరమాతో గుండ్రని గొయ్యి తీసి, అడుగున ఉల్లిగడ్డ మాదిరిగా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. ఆ గడ్డ కాడకు రెండున్నర రెట్లు వెడల్పు. పై నేల ఎంత ఉబ్బినా కింద కదలని నేలలో పాతుకున్న గడ్డ ఇంటిని లేవనీయదు. వాటి మీద వేసే దూలాన్ని నేలకు ఆనించకుండా మూడంగుళాల ఖాళీ వదలాలి. లేకపోతే ఉబ్బిన మట్టి దూలాన్నే ఎత్తుతుంది. ఈ పద్ధతికి భారత ప్రమాణాల సంస్థ నియమాలు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఊళ్లలో పిల్లర్ల ఇల్లు అంటే చాలు గట్టిదని నమ్మకం. పిల్లరు అడుగు 5 అడుగుల దగ్గరే ఆగితే అదీ కదిలే నేలలోనే ఉన్నట్టు.

పునాది గుంటల్లో, బేస్‌మట్టంలో నల్లమట్టి తీసి ఇసుక నింపడం మన దగ్గర మామూలు. నీరు చేరనంత కాలం బాగానే ఉంటుంది, చేరితే ఇసుక బావిలా పట్టి ఉంచి చుట్టూ మట్టిని ఉబ్బిస్తుంది. బొంబాయి ఐ.ఐ.టి.లో పనిచేసిన ఆర్.కె. కట్టి ఉబ్బని బంకమట్టి పొర, అంటే మొరుసు వంటి ఎర్రమట్టిని సుమారు 3 అడుగుల మందాన దిమ్మిస కొట్టి వేస్తే కింది రేగడి ఉబ్బును అణచిపెడుతుందని చూపారు. కర్ణాటకలో మలప్రభ కాలువకు ఈ పద్ధతి వాడారు. గచ్చు కింద వేసే మట్టిలో నూటికి అయిదారు పాళ్లు సున్నం కలిపి తడిపి దిమ్మిస కొట్టినా ఉబ్బు బాగా తగ్గుతుంది. సున్నపు బట్టీల పిడుగురాళ్ల పక్కనే ఉండి ఈ పని చేసేవారు ఇంత తక్కువగా ఉండటం వింతే.

కొత్త స్థలంలో పెద్ద చెట్టు ఉండి, దాన్ని తీసి ఇల్లు కట్టాలనుకుంటే వెంటనే ముగ్గు పోయకూడదు. మొద్దు, లావు వేళ్లు తవ్వి తీసి, కనీసం రెండు వానాకాలాలు నేలను తడవనివ్వాలి. ముహూర్తం ఆగనివాళ్లు ఆ చెట్టున్న చోట పునాదిని లోతుకు దింపక తప్పదు.

తమ స్థలంలోని మట్టి ఎంత ఉబ్బుతుందో రైతు ఇంట్లోనే సుమారుగా చూసుకోవచ్చు. 1977లో వెలువడిన ప్రమాణంలో చెప్పిన పరీక్షకు ఇది ఇంటి రూపం. నాలుగయిదు అడుగుల లోతు నుంచి తీసిన మట్టిని ఎండబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టి సమానంగా రెండు పాళ్లు చేయాలి. ఒకే కొలత గల రెండు గాజు గొట్టాల్లో ఒకదానిలో నీళ్లు, ఇంకోదానిలో కిరసనాయిలు పోసి మట్టి వేసి కలిపి ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు. నీళ్లలో మట్టి ఎత్తు కిరసనాయిల్లోని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దాటితే ఆ నేలలో మామూలు పునాది పనికిరాదు. రేషను షాపులో కిరసనాయిలు కనబడక చాలా కాలమైంది గనుక, అది దొరకని చోట మట్టి సంచి కట్టి దగ్గరలోని ఇంజినీరింగ్ కాలేజీ ప్రయోగశాలకు తీసుకువెళ్లి పరీక్ష చేయించుకోవచ్చు. మట్టి తీసేటప్పుడు పైన దున్నిన మట్టి కాకుండా, పునాది కూర్చునే లోతు నుంచి, స్థలంలో నాలుగు మూలలా తీయాలి.